పిల్లికన్ను

ఆ ఏడు మామిడి పూత చూసి నూజివీడంతా మోసపోయింది. చెట్లు ఆకు కనపడకుండా పూశాయి. బండి మీద ముసునూరు వైపు వెళ్తే ఆ వాసనకి తల దిమ్మెక్కేది. తోటలు కొన్నవాళ్ళు అప్పుడే లారీలు కూడా మాట్లాడుకున్నారు. తీరా చూస్తే నల్ల తామర పురుగు దిగింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. పూతంతా మాడిపోయి, చెట్ల కింద తవుడు పోసినట్టు రాలింది. మాకు తోటల్లేవు, మాది రేడియోలు బాగుచేసే ఇల్లు. అయినా ఆ పూత రాలిన రోజులు నాకు బాగా గుర్తు. మా పాప మేఘనకి రెండేళ్ళు నిండింది అప్పుడే. అప్పటిదాకా దాని నోటి నుంచి ఒక్క మాట రాలేదు.

ఏడాది పిల్లప్పుడు "బ, బ" అంటూ ఉండేది. పోనుపోను అదీ తగ్గిపోయింది. వచ్చిన పలుకు వెనక్కి పోవడమేంటని నేను బెంగపడితే, మా అత్తయ్య వెంకాయమ్మగారు వసకొమ్ము అరగదీసి తేనె కలిపి దాని నాలుక మీద రాసేవారు. వాళ్ళ తమ్ముడికి నాలుగేళ్ళు వస్తేగానీ మాటలు రాలేదట. ఆ తర్వాత ఆయన నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదట. ఆడపిల్లలకి ముందే వస్తాయి కదండీ అని నేనంటే, "వచ్చి ఏం చెయ్యాలి, నీ పక్కన కూర్చుని బెంగపడాలా?" అని నవ్వేశారు.

ఇంటర్ మొదటి ఏడాదిలో చదువు మాన్పించి నాకు పెళ్ళి చేశారు. ఆ ఇంట్లో చెవుల గురించీ చప్పుళ్ళ గురించీ మాట్లాడ్డానికి నేనెవర్ని? మావయ్యగారు సత్యనారాయణమూర్తిని ఊళ్ళో అందరూ రేడియో మూర్తిగారంటారు. మైలవరంలోనో ఉంగుటూరులోనో పాత ఇల్లు పడగొట్టినప్పుడు అటక మీంచి వాల్వు రేడియో ఒకటి దిగిందంటే అది మా ముందుగదికే వస్తుంది. ఎలకలు కొరికిన వైర్లు, చెదలు తిన్న చెక్క, లోపలంతా బూజు. మావయ్యగారు దాన్ని విప్పి, తుడిచి, ఎండిపోయిన కండెన్సర్లు మార్చి మళ్ళీ పాడిస్తారు. మా ఆయన తరుణ్ దానికి బ్లూటూత్ కలుపుతారు. అగ్గిపెట్టంత బోర్డు. దాన్ని రేడియో వెనకాల గ్రామఫోను తగిలించుకునే రంధ్రాలకి కలిపితే, ఫోన్లో పెట్టిన పాట గాల్లోంచి వచ్చి, వాల్వుల్లోంచి దిగి, ఆ పాత స్పీకర్లో మోగుతుంది. హైదరాబాదు కాఫీ షాపులవాళ్ళు ఇవంటే పడి చస్తారు. వాల్వులు మాత్రం తియ్యకూడదు. అది మావయ్యగారి షరతు. పాట ఎక్కణ్ణుంచి వచ్చినా సరే, వాల్వు వేడి తగలకపోతే అది చద్దన్నమే అనేవారాయన.

ముందుగదిలో బల్ల మీద పెద్ద జర్మనీ సెట్టు ఒకటి ఉండేది. మామిడి వ్యాపారి రామచంద్రరావుగారిది, వాళ్ళ నాన్నగారు కొన్నదట. బాగుచెయ్యమని ఎప్పుడో తెచ్చిచ్చి, తీసుకెళ్ళడం మర్చిపోయారు. దాని నుదుట చిన్న గుండ్రటి అద్దం. స్విచ్ వేస్తే ముందు డయల్ వెనకాల పసుపురంగు దీపం వెలిగేది. కాసేపటికి ఆ గుండ్రటి అద్దంలో ఆకుపచ్చటి వెలుగు పుట్టేది. స్టేషన్ సరిగ్గా తగిలినప్పుడు ఆ వెలుగు, పిల్లి కన్ను చికిలించినట్టు సన్నబడేది. మావయ్యగారు దాన్ని పిల్లికన్ను అనేవారు. వాల్వులన్నీ బాగా వేడెక్కి పాట బయటికి రావడానికి ఇంకాస్త ఆలస్యమయ్యేది.

ఆ సెట్టంటే మేఘనకి ప్రాణం. పొద్దున్న మావయ్యగారు కాఫీ తాగి ముందుగదిలోకి వెళ్తే వెనకాలే పాక్కుంటూ వెళ్ళేది, నడక వచ్చాక పరిగెత్తేది. సెట్టు వెయ్యగానే మొహం వెలిగిపోయేది. చెక్కకి అరచేతులు ఆనించి, చెంప ఆనించి, పాటతోపాటు ఊగేది. దాన్ని చూసి మావయ్యగారు పొంగిపోయేవారు. తరుణ్‌కి రాని చెవి మనవరాలికి వచ్చిందనీ, తన చెవే పుణికిపుచ్చుకుందనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

పూత రాలుతున్న ఆ రోజుల్లోనే మా వీధి అంగన్‌వాడీ టీచరు లలితగారు పిల్లల బరువులు చూడ్డానికి వచ్చారు. మేఘనని తూచి దింపి, దాని వెనక్కి వెళ్ళి రెండుసార్లు చప్పట్లు కొట్టారు. అది తిరగలేదు. ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, ఎందుకైనా మంచిది, విజయవాడ తీసుకెళ్ళి చెవులు చూపించమని మెల్లిగా చెప్పారు. ఎన్నాళ్ళుగానో నా కడుపులో ఉన్న మాటని ఇంకొకరు పైకి అన్నారు.

ఆ ఇంట్లో మెల్లిగా చెప్పడమన్నది కుదరదు. మావయ్యగారు ముందుగదిలోంచే విన్నారు.

"లలితమ్మా, ఇలా రా తల్లీ. చప్పట్లకి తిరగలేదనేగా నీ అనుమానం? చప్పట్లు కొడితే తిరగడానికి అదేమన్నా ఎన్నికల మీటింగా?"

లలితగారు నవ్వారుగానీ, మొహమాటంగా నవ్వారు. మావయ్యగారు మేఘనని తీసుకుని బల్ల మీద సెట్టు పక్కన కూర్చోబెట్టారు. దాని చేతికి ఖాళీ డబ్బా ఇచ్చారు. అది మూత పెట్టుకుంటూ తీసుకుంటూ ఆ ఆటలో పడ్డాక సెట్టు వేశారు. ఎండ పడకుండా షట్టరు సగం దించి ఉంది కాబట్టి గది చీకటిగానే ఉంది. డయల్ వెలిగింది. మేఘన డబ్బా వదిలేసి గిరుక్కున తిరిగింది. పిల్లికన్ను పచ్చబడేసరికి కిలకిల నవ్వింది. ఆ తర్వాతే పాట మొదలైంది.

"చూశావా?" అన్నారు మావయ్యగారు. "పాట రాకముందే తిరిగింది. ఎందుకో చెప్పు? వాల్వు వేడెక్కేటప్పుడు సన్నటి హమ్ము ఒకటి ఉంటుంది. నాకే ఈ వయసులో సరిగ్గా తెలీడం లేదు. అది వింటోంది. చెవులు చూపించుకోవాల్సింది మనం తల్లీ, అది కాదు."

లలితగారు బరువుల మిషను సంచిలో పెట్టుకుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం అత్తయ్య వీధిలో ఇద్దరు ముగ్గురికి ఆ సంగతి చెప్పుకున్నారు. మా మనవరాలికి మనుషులకి వినపడనివి కూడా వినపడతాయని.

పాట రాకముందే తిరిగింది. ఆమాట దగ్గరే నా మనసు కొట్టుకునేది. హమ్ము ఉంటుందని పెద్దాయన అన్నారు, మా ఆయనా అవునన్నారు. ఉందేమో. నేను సెట్టుకి చెవి ఆనించి విన్నాను, ఏమీ తెలియలేదు. మర్నాటి నుంచి దొంగచాటుగా నా పరీక్షలు నేను మొదలుపెట్టాను. వెనక నుంచి పిలిచేదాన్ని. ఒకసారి తిరిగేది, నాలుగుసార్లు తిరిగేది కాదు. స్టీలు పళ్ళెం నేల అదిరేలా పడేస్తే ఉలిక్కిపడేది. హమ్మయ్య అనుకునేదాన్ని. అదే పళ్ళేన్ని చేతిలో పట్టుకుని గరిటెతో కొడితే కదిలేది కాదు. ఈ రెండింటికీ తేడా ఏంటో అప్పుడు నాకు తెలీదు. పిల్ల మొండిది అనుకున్నాను. అలా అనుకోవడంలో కాస్త సుఖం ఉంది.

మార్చి అయిపోయేసరికి మిగిలిన కాసిని కాయలు చెట్ల మీద కనపడ్డాయి. ఉగాది వెళ్ళాక ఒకరోజు ఇంటి ముందు రోడ్డు మీద మేఘన ఇసకలో ఆడుకుంటోంది. కాయల లోడుతో మినీ లారీ ఒకటి వెనక నుంచి వచ్చి, హారను మీద హారను కొట్టింది. ఇది తలెత్తలేదు. నేను పైటచెంగు జారుతున్నా చూసుకోకుండా పరిగెత్తి లాక్కొచ్చాను. డ్రైవరు కిందికి దిగి, చెవిటిదాన్నేమన్నా కన్నావా అని తిట్టి పోయాడు. ఆ తిట్టు వీధి వీధంతా విన్నది.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మా ఆయన్ని అడిగాను. ఒక్కసారి విజయవాడ తీసుకెళ్దామండీ, ఏమీ లేదంటే అంతకన్నా కావలసిందేముంది అన్నాను. ఆయన కంచంలోంచి తలెత్తలేదు.

"నాన్న బాధపడతారే. ఆయన మాట మీద నమ్మకం లేదన్నట్టు ఉంటుంది. సీజనవ్వనీ, చూద్దాం."

మా ఊళ్ళో పెళ్ళిళ్ళూ సీజనయ్యాకే, ఇంటికి సున్నాలూ సీజనయ్యాకే, పోట్లాటలు కూడా సీజనయ్యాకే. పంట లేని ఏడు కూడా అదే మాట. నేను మజ్జిగ పోశాను.

ఏప్రిల్లో రామచంద్రరావుగారికి తన రేడియో గుర్తొచ్చింది. కాయ లేదు గనక ఆయన తోటలో గెస్ట్‌హౌసు కట్టించారు. హైదరాబాదు వాళ్ళు వచ్చి చెట్ల కింద పడుకుని, ఫోటోలు దిగి, ఉన్న కాసిని రసాలూ తిని పోతారు. వాళ్ళకి హాల్లో ఈ సెట్టు పెట్టాలి, ఫోన్లోంచి పాటలు రావాలి. సెట్టు చూద్దామని వచ్చిన రోజు మావయ్యగారు స్విచ్ వేసి, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. దీపం వెలిగింది, కన్ను పచ్చబడింది, ఆయన గడియారం చూసుకున్నారు.

"ఏంటి మూర్తిగారూ, ఇది పాడుతుందా, ముహూర్తం చూసుకుంటోందా?"

"వేడెక్కాలండి. మీ నాన్నగారు దీన్ని వేసి, వెళ్ళి స్నానం చేసి వచ్చి కూర్చునేవారు."

"మా నాన్నకి పనేముంది, నేనున్నాగా. నా దగ్గరికొచ్చేవాళ్ళకి స్విచ్ వేస్తే పాట రావాలి. లోపల ఏముందో ఎవడికి కావాలండీ, పైన చెక్క బాగుంటే చాలు."

లోపలివన్నీ తీసేసి, రెడీమేడ్ బోర్డు ఒకటి పెట్టెయ్యొచ్చని మా ఆయన అన్నారు. తండ్రీ కొడుకులకి మాటలు పెరిగాయి. చచ్చినవాళ్ళ మొహానికి రంగు వేసి కూర్చోబెట్టడమేరా అది అన్నారు మావయ్యగారు. బతికున్నవాళ్ళకి అన్నం పెట్టేది అదే నాన్నా అన్నారు ఈయన. నాలుగు రోజులు ఇద్దరూ నాతోనే మాట్లాడారు, నాన్నకి చెప్పు, వాడికి చెప్పు అంటూ. ఆ తర్వాత వారం ఎండలకి కరెంటు ఎక్కువా తక్కువా అయి ఆ సెట్టులో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మళ్ళీ చుట్టించాలంటే నెల పడుతుంది. రావుగారు ఆగనన్నారు. అప్పుడిక మావయ్యగారు తానే కూర్చుని వాల్వులు ఒక్కొక్కటీ ఊడదీసి, కాయలకి చుట్టే కాగితాల్లో చుట్టి, అట్టపెట్టెలో పేర్చారు. పిల్లికన్నుని అన్నిటికన్నా చివర తీశారు. మేఘన బల్ల పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడి ఆ ఖాళీ రంధ్రంలోకే చూస్తూ ఉండిపోయింది.

బోర్డు బిగించిన రోజు మే నెల ఎండ మండిపోతోంది. ఏ తోటలోదో ఒక రసం పండు ఎవరో ఇచ్చారు. దాన్ని మెత్తగా పిసికి, ముచిక తీసి మేఘన చేతికిచ్చాను. ముందుగదిలో నేల మీద, బల్లకి దూరంగా, సెట్టు వైపు వీపు పెట్టి కూర్చుని అది పండు జుర్రుకుంటోంది. రసం మోచేతుల దాకా కారుతోంది. నేను గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. మావయ్యగారు పడక్కుర్చీలో ఉన్నారు. డయల్‌కి దీపం ఇంకా కలపలేదు, అది విజయవాడ నుంచి రావాలి. ఎంత దూరం అందుతుందో చూస్తానని మా ఆయన ఫోను పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళారు.

ఉన్నట్టుండి ఆ సెట్టులోంచి సన్నాయి, డోలు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. హెచ్చరిక లేదు, దీపం లేదు. నా చేతిలో చాట ఒలికిపోయింది. అత్తయ్య పెరట్లోంచి ఏమైందంటూ అరిచారు. మావయ్యగారు కుర్చీలో నిటారుగా లేచారు.

మేఘన పండు జుర్రుకుంటోంది.

వీధి చివర మా ఆయనకి వినపడలేదేమో, ఇంకా పెంచారు. చెక్క మీద పెట్టిన స్క్రూడ్రైవరు దొర్లి కింద పడేంత చప్పుడు. పిల్ల టెంక దాకా వచ్చింది, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన పిల్లని చూస్తున్నారు.

మా ఆయన నవ్వుకుంటూ లోపలికొచ్చారు. ఎలా ఉంది నాన్నా అని అడిగారు. మావయ్యగారు చెయ్యి ఎత్తి ఆపమన్నారు, ఆపారు. మళ్ళీ వెయ్యమన్నారు, వేశారు. మళ్ళీ ఆపమన్నారు. మా ఆయన నవ్వు అప్పుడు పోయింది.

మావయ్యగారు లేచి, అలమారులోంచి ఇంకో చిన్న వాల్వు సెట్టు దింపారు. దానికి వాల్యూమ్ మరలోనే స్విచ్ ఉంటుంది. కొంచెం తిప్పితే టిక్కుమని వెలుగుతుంది, ఇంకా తిప్పితే పాట పెరుగుతుంది. ఆయన దాన్ని తెచ్చి నేల మీద, పిల్లకి పక్కగా పెట్టారు. మర తిప్పారు. టిక్కుమన్న చోటే ఆపేశారు.

డయల్ వెలిగింది. మేఘన తిరిగింది. గడ్డం నిండా రసంతో నవ్వింది. టెంక పడేసి, జిడ్డు చేతులు రెండూ చెక్కకి ఆనించి, మామూలుగా ఎలా ఊగుతుందో అలాగే ఊగడం మొదలుపెట్టింది. పాట లేదు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అది ఊగుతూనే ఉంది.

మావయ్యగారు కాసేపు దాన్ని అలాగే ఊగనిచ్చారు. తర్వాత సెట్టు ఆపి, ప్లగ్గు పీకి, వైరు మెల్లిగా చుట్టి పెట్టారు.

"అమ్మాయ్, రేపు తొలి బస్సుకి వెళదాం," అన్నారు.

ఎక్కడికి అని అత్తయ్య పెరటి గుమ్మంలోంచి అడిగారు.

విజయవాడలో చెవి డాక్టరు దగ్గర పిల్లకి నిద్రమందు పట్టించి పడుకోబెట్టారు. నుదుటికీ చెవుల వెనకా వైర్లు అంటించారు. పక్కన కంప్యూటర్లో గీతలు. పరీక్ష చేసే అమ్మాయి చప్పుడు పెంచుకుంటూ పోతోంది. మావయ్యగారు ఆ అమ్మాయి వెనక నిలబడి, అద్దాలు సవరించుకుంటూ ఆ గీతలనే చూస్తున్నారు. ఆయనకి తెలుస్తోందని నాకు తెలిసింది, ఎందుకంటే ఆయన ఏమీ అడగలేదు. ఇంట్లో ఏ సెట్టు ముందు కూర్చున్నా ఊరికే ఉండే మనిషి కాదు, దానితో మాట్లాడుతూనే ఉంటారు. ఆ గీత చివరిదాకా అలాగే పడుకుని ఉంది.

డాక్టరుగారు నా కన్నా పదేళ్ళు పెద్దావిడ. నెమ్మదిగా చెప్పారు. లోపం లోపలి చెవిలోనే ఉందట, పుట్టుకతోనే ఉందట, రెండు చెవులకీ. ముందు గట్టి మిషన్లు పెట్టి కొన్నాళ్ళు చూస్తారట. వాటితో పని జరగకపోతే ఆపరేషన్. ఏది చేసినా మాటలు వాటంతటవి రావు, రోజూ కూర్చోబెట్టి నేర్పాలి, అది నూజివీడులో దొరకదు, పిల్లా నేనూ విజయవాడలోనే ఉండాలి. చిన్నప్పుడే వస్తే మెదడు త్వరగా పట్టుకుంటుందట. ఈ వయసులో ఒక్కో నెల పోయేకొద్దీ కష్టం పెరుగుతుందట.

"అనుమానం ఎప్పుడొచ్చిందమ్మా మీకు?"

"పూతప్పుడండి," అన్నాను.

"పూతేంటి?"

"మామిడి పూతండి. జనవరి ఆఖరులో."

ఆవిడ గోడ మీద క్యాలెండరు వైపు చూశారు. మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. నా గొంతులోకి లలితగారి పేరు వచ్చింది, లారీ డ్రైవరు తిట్టూ వచ్చింది. రెండూ మింగాను.

"అమ్మాయి చెబుతూనే ఉందండి," అన్నారు మావయ్యగారు. "వినపడుతోందని నేనే అన్నాను."

"మీరేం చేస్తుంటారు?"

"రేడియోలు బాగుచేస్తానండి."

డాక్టరుగారు ఆయన్ని ఒక్క క్షణం చూశారు. మందుల చీటీ తన వైపు లాక్కున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు ఆగిరిపల్లి దాటింది. నిద్రమందు దిగక మేఘన నా ఒళ్ళో సోలిపోయి ఉంది. అప్పుడు మావయ్యగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"కోపంగా ఉందా అమ్మాయ్?"

"ఉందండి."

"ఉండాలి," అన్నారాయన.

అంతే. ఆ తర్వాత ఆ సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు. పొద్దున్నే కాఫీ ఇచ్చేదాన్ని, తాగేవారు. రామచంద్రరావుగారు సెట్టు పట్టుకెళ్ళారు. స్విచ్ వెయ్యగానే పాడుతోంది, వచ్చినవాళ్ళందరూ మెచ్చుకుంటున్నారు, ఇలాంటివి ఇంకో రెండుంటే చూడమని ఫోన్ చేశారు. మా ఆయన సరేనండి, సరేనండి అంటూ ఫోను పెట్టేసి, వేడెక్కిన సోల్డరింగ్ కడ్డీని అలాగే వదిలేసి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డారు. ఆ వాసనకి నేనే వెళ్ళి ప్లగ్గు తీశాను.

చెవి మిషన్లు వచ్చాయి. మొదటిరోజు మేఘన వాటిని పీకి నీళ్ళ బకెట్లో వేసింది. రెండో రోజు నుంచి గుడ్డపట్టీతో తలకి కట్టాం. అది ఏడ్చి ఏడ్చి నిద్రపోయేది. అత్తయ్య చూడలేక, పోనీ ఆ చిన్న సెట్టు వెలిగించరాదూ, ఊరుకుంటుంది అన్నారు. మావయ్యగారు వద్దన్నారు. ఆయన ఆ గదిలోంచి వెళ్ళేదాకా ఆగి నేను వెలిగించాను. అది ఏడుపు ఆపి, వెక్కుతూ వెక్కుతూ ఊగింది. నేను పక్కన కూర్చుని దాని మొహమే చూశాను. అంత ఇష్టపడి, అంత నమ్మి, మేమందరం పాట వింటోందనుకున్నాం. అది ఏం వింటున్నాననుకుందో.

అత్తయ్య మాత్రం వస రాయడం మానలేదు. మిషన్లు పెట్టాక కూడా రాసేవారు. నేను అడ్డం చెప్పలేదు. ఆవిడకి అది కూడా లేకపోతే ఏం మిగులుతుంది?

జూన్ వచ్చింది. మామిడి మార్కెట్టులో పాకలు విప్పేశారు, కూలీలు వరినాట్ల పనులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. మిషన్లతో ఏమీ అందడం లేదని డాక్టరుగారు తేల్చేశారు. ఆపరేషన్‌కి పేరు రాసుకున్నారు. ఎప్పుడో చెప్పలేమన్నారు. ఈలోపు పెదవులు చూసి పట్టుకోవడం నేర్పాలి, రమ్మన్నారు. ఆసుపత్రి దగ్గర ఒక గది చూశారు మా ఆయన. ఆయన ఆదివారాలు వస్తారు. మిగతా రోజులు నేనూ, అదీ. ఆ ఊళ్ళో నాకు ఎవరూ తెలీదు. కొత్త చోట అది చెయ్యి వదిలించుకుని రోడ్డు మీదికి పరిగెడితే వెనక నుంచి పిలిచి ఆపలేను. ఆ ఒక్క ఆలోచనతోనే నాకు ఆ నెలంతా నిద్ర లేదు.

బయల్దేరిన రోజు తొలకరి పడింది. బస్టాండుకి మావయ్యగారు వచ్చారు. గొడుగు మాకిచ్చి, ఆయన తడుస్తూ పెట్టె పైకి అందించారు. మా ఆయన లోపల సామాను సర్దుతున్నారు. వాన జల్లు కొడుతోందని కండక్టరు అద్దాలన్నీ మూయించేశాడు. నేను కిటికీ పక్కన కూర్చుని మేఘనని ఒళ్ళో నిలబెట్టుకున్నాను.

మావయ్యగారు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఏదో చెప్పడం మొదలుపెట్టారు. పెదవులు కదులుతున్నాయి, చెయ్యి కూడా ఆడిస్తున్నారు. ఇంజను రొదలో, వాన చప్పుడులో నాకు ఒక్క ముక్క వినపడలేదు. అద్దం జరపబోయాను. తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది, రాలేదు. వినపడటం లేదండీ అని నేను అరిచాను. ఆయనకీ వినపడలేదు. ఆయన ఆగకుండా చెబుతూనే ఉన్నారు. నెల రోజులుగా ఆ మనిషి అన్ని మాటలు మాట్లాడగా నేను చూడలేదు.

మేఘన అద్దానికి నుదురు ఆనించి ఆయన నోటివంకే చూస్తోంది. కాసేపు చూసి, తనూ నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. గొంతు లేదు. ఆయన పెదవులు ఎలా కదిలితే అలా, వట్టి పెదవులతో, ఆయనకి బదులు చెబుతోంది.

బస్సు కదిలింది. ఆయన పక్కనే నడుస్తూ, ఇంకా చెబుతూనే ఉన్నారు.